నిప్పుదీవి నుంచి వచ్చాక

ఎడమ చెవిలో దూది పెట్టుకుని, అది కనబడకుండా తలకి తువ్వాలు చుట్టి, పైన హెల్మెట్ దించుకున్నాను. వేడికి అందరం చుట్టుకునేదే కాబట్టి ఎవరూ ఏమీ అడగలేదు. ఇనుప మెట్లెక్కి, దూలం మీద నడిచి, క్రేను కింద వేలాడే ఈ అద్దాల గదిలోకి వచ్చి కూర్చున్నాక మాత్రం కాళ్ళలో వణుకు మొదలైంది. ఈ కుర్చీ నాకు కొత్తది కాదు. భిలాయి ఫ్యాక్టరీలో స్టీలు కరిగే ఈ షాపు తెరిచిన నాటినుంచి నాదే. సెలవు మీద వెళ్ళి ఈ పూటే తిరిగి డ్యూటీకి వచ్చాను, అంతే తేడా. కింద, ఉక్కు పోసే గుంత పక్కన, గణపతిరావు మెడలో ఈల వేసుకుని నిలబడి నాకేసి చెయ్యి ఊపుతున్నాడు. వాడు ఈల వేస్తే నేను కదలాలి, పొడుగ్గా ఈల వేస్తే ఉన్నచోట ఆగిపోవాలి. నా కొక్కేలకి వేలాడేది నిండా కరిగిన ఉక్కు ఉన్న బాల్చీ. ల్యాడిల్ అంటారు గాని నాకు అది బాల్చీయే. ఒక చిన్న ఇల్లంత బాల్చీ. దాని కిందా పక్కనా మనుషులు తిరుగుతుంటారు. వాళ్ళ ప్రాణాలు నా చేతిలో ఉన్నాయని జనం అంటారు గాని, చేతిలో కాదు, చెవిలో ఉన్నాయి. ఆ చెవి ఇప్పుడు లేదు.

లేదని ఒప్పుకోడానికి నోరు రాక, పోయిన నాటినుంచి ఏవేవో చెప్పుకుంటున్నాను. నీళ్ళు దిగాయి, ఆరిపోతాయి. జలుబు, తగ్గిపోతుంది. కుడి చెవి ఉందిగా, దేవుడు రెండెందుకు ఇచ్చాడు. నిన్న సెక్టర్ సెవెన్‌లో మా క్వార్టరు ముందు సైకిలు తుడుస్తూ గంట నొక్కి చూశాను. వేలి కింద మీట కదిలింది, గంట వణికింది, చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాను. ఎదురింటి ఆవిడ తల బయటికి పెట్టి చూసింది కాబట్టి అది మోగే ఉంటుంది. కుడి చెవికి లారీ వినబడుతుంది, సైరను వినబడుతుంది, తలుపు బాదితే వినబడుతుంది. సన్నటి శబ్దాలే పోయాయి. ఈ షాపు మోత ఆ చెవిని ఎప్పుడు తినేసిందో నాకు తెలియనే తెలియదు, ఎడమది ఇన్నాళ్ళూ దాని పని కూడా కలిపి చేసింది. ఇల్లు నడిపే మనిషి పోయాక గాని ఆవిడ ఎంత పని చేసేదో తెలియదన్నట్టు ఉంది నా సంగతి.

గణపతిరావు చెయ్యి పైకెత్తి గుండ్రంగా తిప్పాడు. ఎత్తమని. ఎత్తాను. కనబడుతున్నంతసేపూ ఏ ఇబ్బందీ లేదు. చేతులు వాటంతట అవే పిడుల మీద కదులుతున్నాయి, బాల్చీ ఫర్నేసు వెనకనుంచి లేచింది, దాని వెలుగు నా అద్దాల మీద పడింది. పొద్దున గేటు దగ్గర వీడే నన్ను వాటేసుకున్నాడు. "ఏరా నర్సింగా, నిప్పుకొండెక్కి వొచ్చినావట! సముద్రంలోకి కూడా దిగినావట! కాంటీన్లో సెప్పాల, ఒక్క ముక్క కూడా ఇడిసిపెట్టకూడదు" అన్నాడు. సగం విన్నాను, సగం వాడి పెదాలు చూసి పోల్చుకున్నాను. బలరాం కూడా వచ్చి పక్కన నిలబడ్డాడు. దుర్గ్ దగ్గర పల్లెవాడు, పోత గట్టు మీద గడ్డపార పట్టుకుని పనిచేస్తాడు, మా అందరి దగ్గరా ఉండి ఉండి మా తెలుగు పట్టుకున్నాడు. "భయ్యా, సముందర్ కైసా హై? మా మరోదా చెరువంత ఉంటాదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అందరూ నవ్వుతున్నారని.

సెలవిస్తే అందరూ ఊరికి పోతారు. పలాసకో, బొబ్బిలికో, రైల్లో కూర్చుని చింతపండు మూటలు తెచ్చుకోడానికి. నాకు మాత్రం నిప్పుకొండ చూడాలని పట్టుకుంది. దీనికి కారణం క్రేను నేర్పిన రష్యావాడు. ఆయన తన దేశం చివర ఎక్కడో మంచులో పొగలు కక్కే కొండ ఎక్కాడట. దుబాసీ పక్కన నిలబడి చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాను. ఎవరూ వెలిగించని నిప్పు. బొగ్గు వెయ్యక్కరలేదు, గ్యాసు ఇవ్వక్కరలేదు, షిఫ్టు లేదు. పొద్దస్తమానం నిప్పు ముందు బతికేవాడికి ఆ మాట మనసులో దిగిపోయింది. మా ఆవిడ కన్నమ్మ వాళ్ళ అన్న తాతబ్బాయి అండమాన్లో శంఖాలకీ గవ్వలకీ మునిగే పని చేస్తున్నాడు. ఒకసారి వచ్చినప్పుడు వాళ్ళ పడవ గవ్వల కోసం నిప్పుకొండ ఉన్న దీవిదాకా పోతుందని చెప్పాడు. ఇంకేం. "పిచ్చిగానీ పట్టిందేటి? ఊరు మానీసి ఖైదీలుండే సోటికి పోతావా?" అన్నాడు గణపతిరావు అప్పట్లో. వాడి మాట వినుంటే.

అదే రష్యావాడు ఇంకొకటి కూడా నేర్పాడు. ఒకరోజు నా కళ్ళకి చేతిరుమాలు కట్టి, ఖాళీ కొక్కెంతో, ఒట్టి ఈల మీద క్రేను నడపమన్నాడు. చెమటలు పట్టాయి. నడిపాను. పొగ వచ్చినప్పుడు కళ్ళు మోసం చేస్తాయి, చెవి మోసం చెయ్యదు, అన్నాడట. దుబాసీ చెప్పాడు. ఆ రోజు క్యాంప్ వన్‌కి, క్వార్టరు రాకముందు మేమున్న ఇరుకు సందులో ఇంటికి వెళ్ళి కన్నమ్మకి చెబితే, ఆమె నా రెండు చెవులూ పట్టుకుని ఊపింది.

బాల్చీ గట్టు మీదికి వచ్చింది. గట్టు మీద అచ్చులు వరసగా నిలబడి ఉన్నాయి. గణపతిరావు అరచెయ్యి చూపించాడు, ఆపాను. గట్టు మీదివాళ్ళు మీట లాగారు, తెల్లటి ఉక్కు ధార మొదటి అచ్చులోకి దిగింది. ఈ అచ్చు నిండేదాకా నాకు పని లేదు. చెవిలో మాత్రం పని జరుగుతూనే ఉంది. కుయ్యిమని ఒకటే మోత, ఆ దీవి నుంచి నాతో ఓడెక్కి, కలకత్తాలో దిగి, మెయిల్లో దుర్గ్ దాకా వచ్చిన మోత. కన్నమ్మ వెంట వచ్చింది మాత్రం ఆనందం. పోర్ట్ బ్లెయిర్‌లో తాతబ్బాయి ఇంటి వెనక ఇసుక, ఇసుక దాటితే నీళ్ళు. అడుగున రాయి కూడా కనబడేంత తేట నీళ్ళు. కన్నమ్మ చీర మోకాళ్ళదాకా ఎత్తిపట్టి నిలబడి, అల వచ్చినప్పుడల్లా అరిచేది. భిలాయి వచ్చిన తరవాత ఆమె అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు. ఈ ఎర్ర దుమ్ములో బట్టలారేసి, మళ్ళీ దులిపి, మళ్ళీ ఆరేసే మనిషి. "మావా, ఇక్కడే ఉండిపోదావేటి?" అంది. చెమటా ఉప్పునీరూ కలిసిన ముఖంతో. నాకు అప్పటికి రెండు చెవులూ ఉన్నాయి, ఆ నవ్వు మొత్తం విన్నాను. ఇప్పుడు ఆమె నవ్వితే పళ్ళు కనబడతాయి.

అచ్చు నిండింది. ఎర్రగా ఉబికింది. గణపతిరావు బుగ్గలు పొంగాయి, ఈల వేశాడన్నమాట. చెయ్యి కూడా ఊపాడు. కదిపాను, రెండో అచ్చు. చూశావా, వాడి బుగ్గలు చూసి కూడా నడపొచ్చు. దీనికి చెవెందుకు. ఈ మాట అనుకోగానే నా మీద నాకే అసహ్యం వేసింది.

తాతబ్బాయి బావ ఉండే పేటలో అందరూ అరుచుకుంటారు. మొదటి రాత్రి పెద్ద తగాదా జరుగుతోందనుకుని బయటికి పరిగెత్తాను. తగాదా లేదు, పాడూ లేదు. ఇద్దరు మనుషులు కూరలో ఉప్పు గురించి మాట్లాడుకుంటున్నారు. మునిగే పనివాళ్ళందరికీ చెవులు పోయాయని అప్పుడు నాకు తట్టలేదు. సముద్రం హోరుకి అలవాటుపడి అరుస్తున్నారనుకున్నాను. కాంటీన్లో మేం కూడా అలాగే అరుచుకుంటామని, మమ్మల్ని చూసి మా ఇళ్ళలో ఆడవాళ్ళు చెవులు మూసుకుంటారని కూడా తట్టలేదు. కళ్ళముందు అంత పాఠం ఉన్నా చదువుకోని వెధవని.

పడవ తెల్లారేసరికి ఆ దీవి ముందుకి చేరింది. మనిషి లేడు, ఇల్లు లేదు. నీళ్ళలోంచి నల్లటి కొండ లేచి ఉంది, మా షాపు వెనక, ఉక్కు తీసేశాక మిగిలిన మడ్డి పారబోసిన చిట్టెపు గుట్టలాగే ఉంది. మేకలున్నాయి. ఎవరో ఎప్పుడో వదిలేసి పోయిన మేకల సంతానమట, మంచినీళ్ళు దొరక్క ఒడ్డుకొచ్చి సముద్రపు నీళ్ళే తాగుతున్నాయి. వాటి ముఖాలు చూస్తే నాకెందుకో క్యాంప్ వన్ గుర్తొచ్చింది, మొదట్లో ఊళ్ళు వదిలి వచ్చి ఏ నీళ్ళు దొరికితే ఆ నీళ్ళు తాగిన మేము. కొండ ఎక్కడం అంటే ఎక్కడం కాదు. బూడిదలో అడుగేస్తే సగం వెనక్కి జారుతుంది. చెప్పుల్లోకి గరుకు రాళ్ళు. ఎండ పైనుంచి, వేడి కిందనుంచి. బావ మధ్యలోనే కూలబడి "నాను రాను, నువ్వే ఎక్కి సూసుకో" అన్నాడు. నేను పాకుతూ ఎక్కాను. పైన పెద్ద గుంత. మంట లేదు. ఒట్టి గుంత, బీటల్లోంచి సన్నగా ఆవిరి, గంధకం కంపు. ఇందుకోసమా ఇంతదూరం వచ్చింది, బొగ్గు కాల్చే మా కోక్ ఓవెన్ దగ్గర ఇంతకన్నా కంపు ఉంటుందే అనుకున్నాను. తరవాత బీటలో చెయ్యి పెట్టాను. చురుక్కుమంది. అప్పుడు భయం వేసింది. ఇక్కడ ఫోర్‌మన్ లేడు. ఆపమని చెప్పేవాడు లేడు, చెప్పినా ఆపేవాడు లేడు. కొండ నిద్రపోతోంది గాని, దాని ఇష్టం వచ్చినప్పుడు లేస్తుంది. చెయ్యి తీసి చంకలో పెట్టుకుని నవ్వుకుంటూ దిగాను. దిగేసరికి నాకు పొగరెక్కింది. కొండెక్కినవాణ్ణి, నీళ్ళలోకి మాత్రం దిగలేనా.

నాలుగో అచ్చు. ఈసారి గణపతిరావుకి దగ్గొచ్చింది, వంగిపోయి చేత్తో చూపించాడు. అచ్చుల లోపల పూసిన తారు కాలి పొగ లేస్తోంది. చివరి అచ్చుల దగ్గర ఎప్పుడూ పొగ ఎక్కువే. అక్కడికి ఇంకా రాలేదు. వచ్చేలోపు కిందికి దిగిపోవచ్చు. గంట మోగించి, ఒంట్లో బాగాలేదని సైగ చేసి, నా బదులు రిలీఫువాణ్ణి పిలవమనొచ్చు. మరి తరవాత? డాక్టరు చెవిలో దీపం వేసి చూస్తాడు. క్రేనుకి పనికిరాడు అని రాస్తాడు. చీపురిచ్చి గుంత ఊడ్చమంటారు, నా కింద పనిచేసిన వాళ్ళతో కలిసి. క్వార్టరు పోతుంది. కన్నమ్మ ఇంట్లో కుళాయి వదిలి మళ్ళీ క్యాంప్ వన్ సందులో బిందె పట్టుకుని వరసలో నిలబడుతుంది. ఇదంతా నేను సముద్రంలో వేషాలు వేసినందుకు. పనిలో పోతే చెవి పోయిందని గౌరవంగా చూసేవాళ్ళు. సరదాకి పోయి పోగొట్టుకున్నవాడికి గౌరవం కూడా దొరకదు.

బావ చెప్పాడు. చెప్పలేదని అననుగాక అనను. "ముక్కు మూసీసి సెవుల్లోకి గాలి ఊదాల. సెవి నొప్పెట్టిందంటే ఎనక్కొచ్చీయాల, మరి దిగకూడదు. నీకు జలుబేటైనా ఉన్నాదా?" అని అడిగాడు కూడా. లేదన్నాను. భిలాయిలో ఎవరి ముక్కు బాగుంటుంది? ఆ దుమ్ము ముక్కు కాక ఇంకోటి నాకు గుర్తే లేదు. పైగా గొప్ప. మాది సముద్రపు ఊళ్ళ పక్కే బావా అన్నాను. మా నాన్న వాల్తేరు లైన్లో గార్డు, నేను సముద్రాన్ని చూసింది రైలు కిటికీలోంచి. అద్దాలు కట్టుకుని దిగాను. ఎంత అందంగా ఉంది, దేవుడా. నీలం, ఆ నీలంలో పసుపు చేపలు, రాయికి పువ్వుల్లా ఏవో. ఇంకా కిందికి తల పెట్టి తన్నాను. చెవిలో సూదిలా నొప్పి. ఇక్కడే నేను చేసిన తప్పు. ఫర్నేసు తలుపు ముందు మొదటిసారి నిలబడ్డవాడు వెనక్కి దూకుతాడు. వాణ్ణి చూసి అందరూ నవ్వుతారు. తరవాత వాడే పళ్ళు బిగించి నిలబడతాడు, ముఖం కాలుతున్నా కదలడు, కాసేపటికి ఒళ్ళు ఒప్పుకుంటుంది. మాకు ఇక్కడ ఒంటికి నేర్పిన చదువు అదొక్కటే. నొప్పి వస్తే నిలబడు, అదే పోతుంది. నిలబడ్డాను. నీళ్ళలో కూడా పళ్ళు బిగించి, ఇంకో నాలుగు బారలు దిగాను. టప్పుమంది. చల్లటి నీళ్ళు తలలోకి దూరాయి. పైనా కిందా తెలియలేదు, ప్రపంచమంతా గిర్రున తిరిగింది, వెలుగు ఏ వైపుందో తెలియక అడుగుకేసి ఈదుతున్నానట. బావ జుట్టు పట్టి పైకి లాగాడు. పడవలో పడుకోబెట్టి, చెవిలోంచి వచ్చే రక్తం తన పంచెతో తుడిచి, ఏడ్చాడు ఆయన. "ఆగిపొమ్మని సెప్పినాను కాదేటి, ఆగిపొమ్మని సెప్పినాను కాదేటి" అంటూ. ఆయన గొంతు ఎక్కడో గోడవతల వినబడింది. మీ చెల్లికి చెప్పొద్దన్నాను. ఒట్టేయించుకున్నాను.

కన్నమ్మకి తెలియదు. అలిగాననుకుంటోంది. "ఏటి మావా, పిలస్తే పలకవు, సముద్రంలోనే ఉండిపోనావేటి?" అంటోంది. ఈ పొద్దున డబ్బా చేతికిచ్చి ఏదో అడిగింది, ఊఁ అన్నాను. ఏం అడిగిందో.

పొగ. ఇదిగో వచ్చేసింది. ఇంకా రెండు అచ్చులున్నాయి. గణపతిరావు నడుందాకా కనబడుతున్నాడు, తల లేదు. ఇప్పుడు తలా లేదు, నడుమూ లేదు. నల్లటి పొగలో ఎర్రటి వెలుగు ఒక్కటే. భయంగా ఉంది. ఇంకెవరికీ చెప్పుకోలేను గాని ఈ అద్దాల గదికి చెబుతున్నాను, చచ్చేంత భయంగా ఉంది. ఈ హీట్ ఒక్కటి, ఈ బాల్చీడు ఉక్కు, పోసేసి దిగిపోతాను. దిగి, నేరుగా వెళ్ళి చెప్పేస్తాను. ఒట్టు. కన్నమ్మకి కూడా చెప్పేస్తాను. చీపురిస్తే ఇవ్వనీ. ఈ రెండు అచ్చులు, అంతే. ఇంతసేపు బాగానే నడిచింది కదా. అచ్చు నిండే వేళ నాకు తెలుసు, ఏళ్ళ తరబడి చూసినవాణ్ణి. ఇప్పుడు నిండి ఉంటుంది. ఇప్పుడు ఈల వేసి ఉంటాడు. కుడి చెవి కిటికీకి ఆనించాను. షాపు మోత, ఫ్యాను మోత, కుయ్యిమనే మోత. వేసే ఉంటాడు. కదిపాను. మెల్లగా కదిపాను, ఎప్పటికన్నా మెల్లగా. బాల్చీ కదులుతోంది. ఇంకొంచెం. ఆగు అనే ఈల ఇక్కడ రావాలి. రాలేదు. అంటే ఇంకొంచెం ఉంది. ఇంకొంచెం.

పొగ ఒక్క క్షణం చీలింది. కిందున్న ముఖాలన్నీ పైకి ఉన్నాయి. అన్ని నోళ్ళూ తెరుచుకుని ఉన్నాయి. గణపతిరావు రెండు చేతులూ తలమీద అడ్డంగా ఆడిస్తూ ఎగురుతున్నాడు, బుగ్గలు పగిలిపోయేలా ఊదుతున్నాడు. ఒక్క చప్పుడు లేదు. పిడి వెనక్కి లాగాను. గట్టు కమ్మీ దగ్గర బలరాం ఉన్నాడు. అచ్చు మూతి దగ్గర గడ్డకట్టినదేదో గడ్డపారతో తియ్యడానికి వంగాడు కాబోలు. మనిషి బయటే ఉన్నాడు. కుడి చెయ్యి బాల్చీ అంచుకీ కమ్మీకీ మధ్య ఉంది. నేను బాల్చీ వెనక్కి తీశాక ఆ చెయ్యి లేవలేదు, నలిగి భుజం నుంచి కిందికి వేలాడింది.

వాణ్ణి మోసుకుపోయారు. వాడి నోరు చూశాను, అరుస్తున్నాడు. నేను మాత్రం దిగలేదు. దిగనివ్వరు. బాల్చీలో ఉక్కు మిగిలి ఉంది, అది గడ్డకట్టేలోపు పోసెయ్యాలి. పొగ తగ్గాక ఇంకెవరో చేత్తో చూపించారు, ఆఖరి అచ్చు పోశాను. చేతులు వణకలేదు. అదే నాకు అర్థం కావడం లేదు, ఎక్కినప్పుడు వణికిన ఒళ్ళు ఇప్పుడు రాయిలా ఉంది. ఖాళీ బాల్చీ దాని చోట దించి, కరెంటు తీసేసి, దూలం మీద నడిచి, మెట్లు దిగాను. ఒక్కో మెట్టు దగ్గరా చెప్పాల్సిన మాట కూడగట్టుకున్నాను. నా చెవి పోయింది సాబ్. నాదే తప్పు సాబ్. నాకు చెవి లేదు.

కింద గుంపు. ఫోర్‌మన్ శ్యామసుందర్ మధ్యలో. గణపతిరావు ముఖం మసితో, కన్నీళ్ళతో ఉంది. నన్ను చూడగానే పరిగెత్తుకొచ్చి నా భుజాలు పట్టుకున్నాడు. కుడివైపు నిలబడ్డాడు కాబట్టి వినబడింది. "దగ్గొచ్చేసింద్రా నర్సింగా. పొగలో ఊపిరందనేదు. ఊదినాననే అనుకున్నాను. గాలి రానేదు కాబోలు. నువ్వు ఏనాడూ తప్పవు, నాదే తప్పు, ఆడి సెయ్యి నానే తీసీసినాను" అంటున్నాడు. వాడు ఊదాడు. నా కళ్ళతో చూశాను, బుగ్గలు పగిలేలా ఊదాడు.

ఫోర్‌మన్ నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "నర్సింగ్, సచ్ బోలో. సీటీ సునాయీ దియా?" నిజం చెప్పు, ఈల వినబడిందా అని అడుగుతున్నాడు. అందరూ నన్నే చూస్తున్నారు. మెట్ల మీద కూడగట్టుకున్న మాట నోటిదాకా వచ్చింది.

"లేదు సాబ్. వినబడలేదు" అన్నాను.

ఫోర్‌మన్ గణపతిరావు వైపు తిరిగి చెయ్యి చాపాడు. వాడు మెడలోంచి ఈల తాడు తలమీదుగా తీసి ఆ చేతిలో పెట్టాడు. వెళ్ళిపోతూ గణపతిరావు నా ఎడమ పక్కనుంచి నడిచి, ఒక్క క్షణం ఆగి, ఏదో అన్నాడు. పెదాలు కూడా చూడలేకపోయాను. సరే అన్నట్టు తలూపాను.